అప్పిచ్చే యాప్‌లో ‘వద్దు’ అనేదెవరు?

2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం, పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల శాఖలకు తాళాలు వేయించింది. మూతపడినవి యాభైకి పైనే. వడ్డీ ఎక్కువ, వసూళ్లలో వేధింపులు, ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థలు పోటీపడి అప్పులివ్వడం... అప్పట్లో వచ్చిన ఆరోపణలు ఇవి. ఆ రోజుల్లో చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు, యూపీఐ లేదు. ఫిన్‌టెక్ (ఆర్థిక సేవలకు సాంకేతికతను జోడించే వ్యాపారం) అనే మాట ఇక్కడ ఎవరి నోటా వినపడేది కాదు. అయినా విజయవాడలోనో గుంటూరులోనో ఇవాళ ఫిన్‌టెక్ స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఈ సంగతే. డబ్బు వ్యాపారంలో నాయకుడి తీరు సంస్థను ఎంత పైకి తీసుకెళ్తుందో, ఎక్కడ ముంచుతుందో ఈ ప్రాంతం చాలా దగ్గర్నుంచి చూసింది.

గుంటూరులో 1998లో స్వచ్ఛంద సంస్థగా మొదలైన స్పందన, పదేళ్లు తిరిగేసరికి దేశంలోని పెద్ద సూక్ష్మరుణ సంస్థల్లో ఒకటిగా నిలిచింది. వ్యవస్థాపకురాలు పద్మజారెడ్డి దాన్ని తక్కువ ఖర్చుతో నడిపించిన తీరు ఆ రంగంలో అందరికీ తెలుసు. తర్వాత 2010 ఆగస్టులో తెలుగు నేల మీద పుట్టిన ఇంకో సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ స్టాక్ మార్కెట్లో నమోదైంది. రెండు నెలలు తిరిగాయో లేదో, అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు వచ్చాయి. ఇళ్ల ముందుకెళ్లి వసూలు చేయకూడదు, బహిరంగ స్థలంలోనే చేయాలన్నారు. నూటికి తొంభై తొమ్మిది రూపాయలు వసూలయ్యే చోట పది రూపాయలు రావడం గగనమైంది. స్పందన 2011లో అప్పుల పునర్వ్యవస్థీకరణలోకి వెళ్లి, 2017లో బయటపడి, 2019 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. 2021 నవంబరులో వ్యవస్థాపకురాలే పదవి నుంచి తప్పుకున్నారు. ఇరవై మూడేళ్లలో ఒకే సంస్థకు పుట్టుక, దూకుడు, పతనం, కోలుకోవడం, వారసత్వం అన్నీ ఎదురయ్యాయి. ఒక్కో దశలో ఒక్కో రకం నాయకత్వం కావాల్సి వచ్చింది. మొదటి దశలో పనికొచ్చిన గుణమే మూడో దశలో అడ్డమవుతుందన్న సంగతిని ఫిన్‌టెక్ వాళ్లు తరచూ పట్టించుకోరు.

పెద్దాయన గది దాటాక

నాయకత్వ శైలుల మీద చర్చ ఎక్కడ జరిగినా 1939 నాటి ఒక ప్రయోగం ప్రస్తావనకు వస్తుంది. కర్ట్ లెవిన్, ఆయన సహచరులు అమెరికాలోని అయోవాలో పదేళ్ల వయసు పిల్లల్ని చిన్న బృందాలుగా చేసి మాస్కుల తయారీ లాంటి పనులు అప్పగించారు. అన్నీ తానే చెప్పి చేయించే పెద్ద ఎదురుగా ఉన్నంతసేపూ పని జోరుగా సాగింది. ఆయన గది దాటగానే కుంటుపడింది. నలుగురితో మాట్లాడి నిర్ణయించే పెద్ద ఉన్న బృందంలో మాత్రం ఆయన ఉన్నా లేకపోయినా పని ఇంచుమించు ఒకేలా నడిచింది.

ఆర్థిక సాంకేతిక రంగానికి ఇది నేరుగా తగులుతుంది. కారణం, ఈ వ్యాపారంలో అసలు పని జరిగేది పెద్ద లేని గదిలోనే. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్టు యజమాని దగ్గర కేవైసీ కాగితాలు తీసుకునే కుర్రాడు, తెనాలిలో వాయిదా కట్టని ఇంటి తలుపు కొట్టే ఏజెంటు, రాత్రి పదకొండింటికి ఆగిపోయిన లావాదేవీ మీద ఫోనెత్తే అమ్మాయి... వీళ్లెవరి పక్కనా ఫౌండర్ ఉండడు. వాళ్లు ఆ క్షణంలో ఏం చేస్తారన్నదే కంపెనీ. మిఠాయి డెలివరీ యాప్‌లో ఒక ఆర్డరు తప్పిపోతే డబ్బు వెనక్కి ఇచ్చి క్షమాపణ చెప్పుకోవచ్చు. ఇక్కడ తప్పిపోయేది ఒకరి పొదుపు, ఒకరి పరువు.

అలాగని ఒంటిచేతి నాయకత్వాన్ని మొదట్లోనే కొట్టిపారేయడం సరికాదు. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐని ప్రవేశపెట్టింది. అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. మర్నాటి నుంచి ఎవరు ఎంత తొందరగా దుకాణాల్లోకి వెళ్లగలిగారన్న దాని మీదే ఆ తర్వాతి మార్కెట్ తయారైంది. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లవాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల వాళ్లు అంతకుముందు కార్డు మిషన్ కూడా పెట్టుకోని మనుషులు. వాళ్ల గల్లాపెట్టె మీద క్యూఆర్ కోడ్ స్టిక్కరు అంటించాలంటే కమిటీలు వేసి మూడు నెలలు చర్చిస్తే అయ్యే పని కాదు. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు పరుగెత్తాలి. ఆ దశలో కల చూపించి జనాన్ని వెంట నడిపించే నాయకుడికి విలువ ఎక్కువ.

చిక్కు తర్వాతి మెట్టులో వచ్చింది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారుల దగ్గర రుసుము తీసుకోవడానికి లేకుండా పోయింది. లావాదేవీలు కోట్లలో పెరుగుతున్నా వాటి మీద రాబడి లేదు. దాంతో చెల్లింపుల కంపెనీలు చాలావరకు అప్పుల వైపు మళ్లాయి. దుకాణంలో పెట్టిన సౌండ్ బాక్స్ రోజుకు ఎంత బేరం జరుగుతోందో చెబుతుంది, ఆ లెక్క చూసి ఆ దుకాణదారుకే అప్పు ఇప్పించవచ్చు. వ్యాపారపరంగా చక్కటి ఆలోచనే. కానీ స్టిక్కరు అంటించడంలో ఆరితేరిన నాయకత్వం అప్పులిచ్చే పనిలోకి అదే ఊపుతో దిగింది. చెల్లింపుల్లో వేగం పెరిగేకొద్దీ లాభం. అప్పుల్లో వేగం ఎంత నష్టం తెచ్చిందో ఏడాదిన్నర తర్వాత గానీ తెలియదు. ఇవాళ ఇచ్చిన అప్పులో ఎంత మొండిబాకీ అవుతుందో ఇవాళ్టి నివేదికలో కనిపించదు. అంకెలు బ్రహ్మాండంగా ఉన్న ఆ ఏడాదిన్నరలో ‘కాస్త ఆగుదాం’ అనేవాడు పిరికివాడిలా కనిపిస్తాడు.

అధికారం ఉన్న ‘వద్దు’

కాబట్టి ఒక ఫిన్‌టెక్ కంపెనీ నాయకత్వం ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఫౌండర్ ఉపన్యాసాలు వినక్కర్లేదు. ఆ కంపెనీలో ‘వద్దు’ అనగలిగేది ఎవరు, అన్నాక ఏమైంది అని అడిగితే చాలు. నిబంధనల అమలు చూసే అధికారి ఎవరికి జవాబుదారీ? అమ్మకాల పెద్ద కిందే కూర్చుంటే ఆయన ‘వద్దు’కు విలువ లేదు. బోర్డుకు నేరుగా చెప్పగలిగితే ఉంది.

పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ఉదంతం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 2022 మార్చిలో కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అక్కడితో ఆగలేదు. నిబంధనల ఉల్లంఘనలు కొనసాగుతూనే ఉన్నాయని చెబుతూ 2024 జనవరి 31న డిపాజిట్లు, వాలెట్లలో జమలు ఆపేయమంది. ఆ గడువు చివరికి మార్చి 15 అయింది. ఫిబ్రవరి 26న పేటీఎం వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ ఆ బ్యాంకు బోర్డు నుంచి తప్పుకున్నారు. ఆ బ్యాంకులో ఆయన వాటా 51 శాతం, మిగిలింది ఆయన స్థాపించిన మాతృ సంస్థది. దేశానికి క్యూఆర్ కోడ్ అలవాటు చేసిన ఘనతలో ఆయన వాటా ఎవరూ కాదనలేరు. కానీ బ్యాంకులో బోర్డు స్వతంత్రంగా నిలబడాలన్నది మౌలికమైన లెక్క. వ్యవస్థాపకుడే యజమాని, ఆయనే అధ్యక్షుడు అయిన చోట హెచ్చరికకూ దిద్దుబాటుకూ మధ్య రెండేళ్లు పోవడంలో ఆశ్చర్యపడాల్సింది లేదు.

వ్యాపారులకు ఆన్‌లైన్ చెల్లింపులు అందించే రేజర్‌పే విషయం మరో రకంగా నడిచింది. 2022 డిసెంబరులో కొత్త వ్యాపారులను చేర్చుకోవద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏడాది పాటు కొత్త చేరికలు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో పేమెంట్ అగ్రిగేటర్ (కొనుగోలుదారుల చెల్లింపులు సేకరించి వ్యాపారులకు చేర్చే సంస్థ) లైసెన్సు వచ్చాక మళ్లీ మొదలయ్యాయి. ఎదుగుదల మీదే బతికే కంపెనీకి ఒక ఏడాది ఆగడమంటే మాటలు కాదు. ఆ ఏడాది ఉన్న ఖాతాదారులను నిలుపుకుంటూ, కాగితాలు సరిచేసుకుంటూ, ఉద్యోగులు చెదిరిపోకుండా చూసుకునే నాయకుడికి కావాల్సినవి ఓర్పు, పద్ధతి. వేదిక మీద చప్పట్లు తెచ్చే గుణాలు కావు అవి. ఆ లైసెన్సుకే కొత్తగా దరఖాస్తు చేయాలంటే 15 కోట్ల నికర విలువ, మూడేళ్లలో 25 కోట్లు చూపించాలి. విజయవాడలో నలుగురు స్నేహితులు కలిసి పెట్టే స్టార్టప్‌కు ఇది అందని మెట్టు. కాబట్టి వాళ్లు లైసెన్సున్న బ్యాంకుకో ఎన్‌బీఎఫ్‌సీకో (బ్యాంకు కాని ఆర్థిక సంస్థకో) భాగస్వామిగా పనిచేయాలి. అంటే మొదటి రోజు నుంచీ ఇంకొకరి నియమాలకు లోబడి నడవాలి. ‘నా కంపెనీ, నా ఇష్టం’ అనే స్వభావం ఉన్న ఫౌండర్ అక్కడే తట్టుకోలేక జారిపోతాడు.

పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా శైలిని మలుస్తుంది. షేర్ల ట్రేడింగు సంస్థ జెరోధా 2010లో మొదలైనప్పటి నుంచీ బయటి ఇన్వెస్టర్ల డబ్బు తీసుకోలేదు. రాబోయే ధరల మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఎక్కువ మంది నష్టపోతారని దాని వ్యవస్థాపకుడు నితిన్ కామత్ బహిరంగంగా చెబుతూ వచ్చారు. ఆ ట్రేడింగే తన కంపెనీకి పెద్ద రాబడి అయినా చెప్పారు. నష్టాలు పెరుగుతుంటే ఖాతాదారు తన ట్రేడింగును తానే ఆపేసుకునే ‘కిల్ స్విచ్’ను యాప్‌లోనే పెట్టారు. ప్రతి మూడు నెలలకూ ఇన్వెస్టర్‌కు ఎదుగుదల చూపించాల్సిన ఒత్తిడి ఉంటే ఆ మీట వెలుగు చూసేదా అన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. బయటి డబ్బు తీసుకోవడం తప్పని కాదు. తీసుకున్నాక నాయకుడు ఎవరి వేగంతో పరుగెత్తాల్సి వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి.

వసూలు మీటింగులో మొదటి ప్రశ్న

అప్పుల వ్యాపారంలో నాయకత్వం అసలు రంగు బయటపడేది వసూళ్ల దగ్గర. విజయవాడకు ఇది కొత్త సంగతి కాదు. 2015 డిసెంబరులో ‘కాల్ మనీ’ వ్యవహారం బయటపడినప్పుడు ఈ నగరం పేరు రాష్ట్రమంతా మోగింది. ఖాళీ చెక్కులు, ప్రోనోట్లు పెట్టుకుని అప్పులివ్వడం, కట్టలేని కుటుంబాలను, ముఖ్యంగా ఆడవాళ్లను వేధించడం... ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు మొదలైనప్పుడు పద్ధతి మారింది గానీ బుద్ధి మారలేదు. ఇంటిముందు అరిచే బదులు ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ మెసేజీలు పంపారు. తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న డిజిటల్ రుణాల మార్గదర్శకాలు తెచ్చింది. అప్పు సొమ్ము నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడాలి. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంతవుతుందో ముందే ఒక కాగితంలో చెప్పాలి. మనసు మారితే వెనక్కి ఇచ్చేసే గడువు ఉండాలి. యాప్ ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి, ఫొటోల జోలికి పోకూడదు. దానికి కొద్ది రోజుల ముందే, వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని చెప్పింది. నియమాలు మంచివి. అవి అమలవుతున్నాయా లేదా అన్నది మాత్రం ప్రతి ఉదయం తొమ్మిదింటికి జరిగే వసూలు మీటింగులో తేలుతుంది.

అలాంటి మీటింగును ఒకదాన్ని ఊహించుకుందాం. పదిమంది ఏజెంట్లు, ఒక బ్రాంచి మేనేజరు, వీడియో కాల్‌లో ఫౌండర్. మొదటి ప్రశ్న ‘నిన్న ఎంత వచ్చింది?’ అయితే గదిలో అందరూ అంకె మీదే మాట్లాడతారు. రాబట్టలేనివాడు తల వంచుకుంటాడు. మర్నాడు ఎలాగైనా రాబట్టుకొస్తాడు. ఎలా అన్నది ఎవరూ అడగరు, వాడూ చెప్పడు. అదే ఫౌండర్ ‘నిన్న ఎవరు కట్టలేదు, ఎందుకు?’ అని మొదలుపెడితే ఇంకో రకం సమాచారం బయటికొస్తుంది. పటమటలో ఆ టిఫిన్ బండి ఆయన కాలు విరిగి పది రోజులైంది. ఫలానా వీధిలో ఆరుగురిదీ ఒకే మధ్యవర్తి ఇప్పించిన అప్పు, ఆరుగురూ ఒకేసారి ఆపేశారు. మొదటిదానికి వాయిదా సర్దుబాటు చేస్తే మనిషీ నిలబడతాడు, బాకీ కూడా వస్తుంది. రెండోది మోసం, వెంటనే ఆ మధ్యవర్తిని ఆపాలి. ఈ రెండు సంగతులూ ఏ డ్యాష్‌బోర్డు మీదా కనిపించవు. ఏజెంటు నోటి నుంచే రావాలి. చెబితే తిట్లు పడతాయనుకుంటే వాడు నోరు మెదపడు.

అందుకే ఈ వ్యాపారంలో కిందివాళ్లను మాట్లాడనివ్వడం మంచితనం లెక్కలోకి రాదు, అది నష్టభయాన్ని అదుపు చేసే పద్ధతి. చెడు కబురు పైకి ఎంత తొందరగా చేరితే మొండిబాకీ అంత తగ్గుతుంది. ఏజెంటు జీతంలో వసూలు మీద వచ్చే కమీషన్ వాటా ఎంత, ఫిర్యాదు వస్తే కోత ఎంత అన్న రెండు అంకెలు చూస్తే ఆ కంపెనీ నాయకుడు నిజంగా దేన్ని నమ్ముతాడో తెలిసిపోతుంది.

మిర్చి యార్డులో లెక్క

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన అవకాశాలు ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డులో సీజనులో రోజూ దిగే టిక్కీలు (మిర్చి బస్తాలు), చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో నిల్వ ఉండే సరుకు, ఆ సరుకు మీద రైతు తీసుకునే అప్పు... ఇదంతా చాలావరకు కమీషన్ వ్యాపారి నోటిమాట మీద, ఆయన చిట్టా పుస్తకం మీద నడిచే ఆర్థిక వ్యవస్థ. నిల్వ రసీదును ఎలక్ట్రానిక్ రూపంలో తాకట్టు పెట్టే ఏర్పాటు దేశంలో 2017 నుంచి ఉంది. ఖాతాదారు అనుమతితో బ్యాంకు వివరాలు పంచుకునే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ 2021 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. ఈ రెంటినీ కలిపి రైతుకు తక్కువ వడ్డీకి అప్పిప్పించే స్టార్టప్ గుంటూరులో పుట్టకపోతే ఇంకెక్కడ పుడుతుంది?

అయితే ధర సంగతి చూడాలి. కొన్ని రకాల మిర్చి 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఇరవై వేల ధర మీద నూటికి డెబ్భై చొప్పున అప్పిచ్చిన కంపెనీకి తాకట్టు సరుకు విలువ అప్పు కన్నా కిందికి పోతుంది. ముందే ఎవరికైనా తెలుసా? యార్డులో రోజూ తిరిగేవాడికి తెలుసు. కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు కదలకుండా ఉందని, ఎగుమతి వ్యాపారులు కొనడం తగ్గించారని, కొత్త పంట దిగితే ధర నిలవదని అతను ముందే అంటాడు. ఆ మాట బెంగళూరులో కూర్చుని రిస్కు మోడల్ రాసిన డేటా నిపుణుడి దాకా చేరిందా? చేరితే ఆయన విన్నాడా? వాళ్లిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, పదో తరగతి చదివిన యార్డు మనిషి మాటకు ఐఐటీ పట్టా ఉన్నవాడి మాటతో సమానమైన బరువు ఇవ్వగలగడం ఇక్కడ నాయకుడు చేయాల్సిన మొదటి పని. చెప్పడం తేలిక. చేసినవాళ్లు అరుదు.

మన దగ్గర వ్యాపారాలకు అలవాటైన శైలి మరొకటుంది. ఇంటి పెద్ద మాటే శాసనం. బావమరిది గల్లా చూస్తాడు, తమ్ముడు వసూళ్లు చూస్తాడు. వన్‌టౌన్‌లో తరాలుగా నిలిచిన కొట్లు ఇలాగే నడిచాయి. నమ్మకం, మాట మీద నిలబడటం, కష్టకాలంలో ఉద్యోగిని వదిలేయకపోవడం ఆ శైలిలో నిజమైన బలాలు. వాటిని తక్కువ చేయకూడదు. బలహీనత ఎక్కడంటే, అక్కడ లెక్కలు అడగడాన్ని అవమానంగా తీసుకుంటారు. సొంత డబ్బుతో కొట్టు నడిపినంతకాలం అది ఇంటి విషయం. పదిమంది డబ్బు చేతిలోకి వచ్చాక తమ్ముడి లెక్కను బయటి ఆడిటర్ చూడాల్సిందే. విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ లక్షల కుటుంబాలను ఎలా రోడ్డున పడేసిందో చూసిన జనం, ఇక్కడి కంపెనీని దాని యజమాని పేరు చూసి నమ్మే రోజులు దాదాపు అయిపోయాయి.

సమష్టి నాయకత్వంతో ఎదగడం కుదరదన్న వాదన తరచూ వినిపిస్తుంది. దానికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. 2010 సంక్షోభం తర్వాత, 2011లో, మహిళా సంఘాల కోసం స్త్రీనిధి సహకార సమాఖ్య మొదలైంది. అప్పు ఎవరికి ఇవ్వాలో గ్రామ సంఘంలోని మహిళలే నిర్ణయిస్తారు. దరఖాస్తు ఫోన్ ద్వారా వెళ్తుంది. 48 గంటల్లో సొమ్ము ఖాతాలో పడాలన్నది లక్ష్యం. యూపీఐకి ఐదేళ్ల ముందు సంగతి ఇది. దాని వెనక ప్రభుత్వం అండ ఉంది, నిజమే. స్టార్టప్‌కు ఆ వెసులుబాటు ఉండదు. కానీ అప్పు కోరే మనిషిని రోజూ చూసే ఇరుగుపొరుగు చేతికే నిర్ణయం అప్పగిస్తే వేగం తగ్గిపోతుందన్న భయం సరైంది కాదని అది చూపించింది.

2025 ఆగస్టులో మంగళగిరిలో స్టార్టప్‌లకు ఊతమిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. వడ్డేశ్వరం నుంచి అమరావతి దాకా ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఏటా వేలమంది ఇంజినీర్లు బయటికొస్తున్నారు. వీళ్లలో కొందరు తప్పకుండా అప్పుల యాప్‌తోనో, చీటీల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌తోనో, మిర్చి రసీదు వేదికతోనో వస్తారు. వాళ్లను ఎంపిక చేసే గదిలో మార్కెట్ ఎంత పెద్దది, మూడేళ్లలో ఎంతమంది ఖాతాదారులు అన్న ప్రశ్నలు ఎలాగూ అడుగుతారు. వాటితోపాటు మరో మూడు అడగాలి. నిబంధనలు చూసే మనిషిని ఎప్పుడు పెట్టుకుంటారు, ఆయన్ను తీసేసే అధికారం ఎవరిది? వసూలు ఏజెంటు జీతం ఏ లెక్కన కడతారు? మీ ఆలోచన తప్పని యార్డులోనో ఆటోనగర్‌లోనో ఎవరైనా చెప్పారా, చెబితే దేన్ని మార్చుకున్నారు? మూడో ప్రశ్నకు పేరూ ఊరూ చెప్పి జవాబివ్వగలిగిన జట్టుకు మొదటి విడత డబ్బు ముందుగా ఇవ్వాలి.